మందగతి క్వెరీలు: ఒక వృత్తి పుట్టుపూర్వోత్తరములు

డేటాబేసు నడుగువాడు తనకేమి కావలయునో చెప్పిన చాలును, అది యెచ్చట నున్నది, ఏ మార్గమున పోయి తేవలయును అను విచారము యంత్రమునదే యను ఏర్పాటు నేడు సహజధర్మమువలె తోచుచున్నను, దాని వయస్సు ఏబదియేండ్లకు మించి యెంతో లేదు. అంతకు పూర్వము మార్గాన్వేషణభారమంతయు ప్రోగ్రామరుదే. 1960వ దశకమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థయందు చార్లెస్ బాక్‌మన్ నిర్మించిన ఐ.డి.ఎస్. అను వ్యవస్థలో రికార్డునుండి రికార్డునకు గొలుసులు వేయబడి యుండెడివి. ఖాతాదారుని రికార్డు పట్టుకొని, అందుండి అతని మొదటి ఆర్డరునకు, అందుండి రెండవదానికి ప్రోగ్రామరే అడుగడుగున దారి చెప్పుచు పోవలసి యుండెను. పని మందగించినయెడల కారణమునకై దూరము పోనక్కరలేకుండెను. దారి చెప్పినవాడు తానే గనుక ఏ మలుపున చుట్టు తిరుగుచున్నాడో కొంత శ్రమపడిన తెలియకపోదు. ఆలస్యము అప్పుడును కలదు గాని, ఆలస్యకారణమును కనుగొనుట యనునది ప్రత్యేకవిద్య కాలేదు.

ఆ విద్యకు తెలియకయే బీజము వేసినవాడు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండున పుట్టి ఐ.బి.ఎం. సంస్థవారి శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచుండిన యీ గణితజ్ఞుడు 1970 జూన్ మాసమున ప్రకటించిన వ్యాసమున సమాచారమంతయు టేబుళ్లరూపమున నుండవలెననియు, అడుగువానికి లోపలి మార్గములతో ప్రసక్తి యుండరాదనియు ప్రతిపాదించెను. 1974లో ఆన్ ఆర్బర్ నగరమున కాడ్ పక్షమువారికిని బాక్‌మన్ పక్షమువారికిని బహిరంగముగా వాదము జరిగినది. నిపుణుడైన ప్రోగ్రామరు ఎన్నుకొను మార్గమును యంత్రము తనంతట తాను ఎన్నుకొనగలదా యనునది ఆనాటి ప్రధానశంకలలో నొకటి. చరిత్ర కాడ్ పక్షమున తీర్పు చెప్పినదని అందరు వ్రాయుదురు. కాని ఆ శంక మాత్రము నిరాధారమైనది కాదనియే నా యభిప్రాయము. తరువాతి కథ యంతయు ఆ శంకకు సమాధానము వెదకుటయందే గడచినది.

మొదటి గట్టి సమాధానము 1979లో వచ్చెను. శాన్ హోసేలోనే సిస్టమ్ ఆర్ అను ప్రయోగవ్యవస్థను నిర్మించుచుండిన బృందమున ప్యాట్రీషియా సెలింజర్ తన సహచరులతో కూడి, యంత్రము మార్గము నెన్నుకొను పద్ధతిని ఆ యేట ఒక వ్యాసమున వివరించెను. డిస్కునుండి చదువవలసిన పుటలెన్ని, తరువాత ప్రాసెసరు చేయవలసిన పని యెంత అను రెండింటిని కూడి ప్రతి మార్గమునకు ఒక వెల కట్టి, వెల తక్కువైన దానిని గ్రహించుట ఆ పద్ధతి సారము. బోయింగ్ సంస్థ పరిశోధనాలయమున రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మక్‌క్రైట్ అనువారు అదివరకే రూపొందించిన బీ-ట్రీ వలన ఇండెక్సులు సిద్ధముగా నుండెను. ఇండెక్సు పట్టుకొని పోవుటయా, టేబులంతయు చదువుటయా అను ప్రశ్నకు ఇప్పుడు లెక్కతో జవాబు దొరకినది. అయితే వెల కట్టుటకు ఎన్ని వరుసలు రాగలవో ముందుగా తెలియవలెను గదా! అది తెలియనిచోట సెలింజర్ బృందము నిస్సంకోచముగా ఊహను ఆశ్రయించినది: సమానత్వపు షరతైనచో పదింట నొకవంతు, ఇంతకంటె ఎక్కువ యన్న షరతైనచో మూడింట నొకవంతు, ఇంతకును అంతకును నడుమ యన్నచో నాలుగింట నొకవంతు. ఇందు మూడింట నొకవంతు అను ఊహ నేటి పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మూలకోడులో సైతము, గణాంకములు లేని సందర్భమునకై, 0.3333 అను అంకెగా చెక్కుచెదరక నిలిచియున్నది.

వ్యాపారప్రపంచము ఈ లెక్కల మార్గమును వెంటనే అనుసరించలేదు. ఆరకిల్ డేటాబేసు చిరకాలము నియమములనే నమ్ముకొనియుండెను: పదునైదు మార్గములకు పైనుండి క్రిందికి వరుస నిర్ణయించి, వానిలో సాధ్యమైన అత్యున్నతమార్గమును, టేబులులో పది వరుసలున్నను పది కోట్లున్నను, కన్నులు మూసికొని పట్టెడిది. మందగతిని సరిచేయువారు అప్పుడు ఆ నియమములను ఏమార్చు చిట్కాలు నేర్చిరి. ఫలానా ఇండెక్సు వాడుట నష్టమని తోచినచో షరతులో దాని సంఖ్యాత్మకమైన కాలమ్‌నకు సున్నాను కూడెడివారు. విలువ మారదు, కాని ఇండెక్సు పనికిరాకుండ పోవును. ఫ్రమ్ పదము తరువాత టేబుళ్ల పేర్ల వరుసను మార్చి, ఏది ముందు చదువబడవలెనో నిర్ణయించెడివారు. 1992లో ఏడవ సంస్కరణముతో లెక్క కట్టు ఆప్టిమైజరు వచ్చినను పాతదానిపై మక్కువ పోక, 2003లో పదవ సంస్కరణమున దానికి మద్దతు ఉపసంహరింపబడువరకు కొందరు దానినే వదలక పట్టుకొనియుండిరి.

తెలుగువారు మూకుమ్మడిగా ఈ విద్యయందు ప్రవేశించినది ఈ సంధికాలముననే. హైదరాబాదున అమీర్‌పేట శిక్షణకేంద్రములలో ఆరకిల్ నేర్చిన వేలాది యువకులు స్కాట్ అను పేరుతో, టైగర్ అను సంకేతపదముతో లోపల ప్రవేశించి, ఈ.ఎం.పి. అను ఉద్యోగుల టేబులుపై చేయి తిప్పుకొన్నవారే. స్కాట్ ఆరకిల్ సంస్థ తొలి ఉద్యోగులలో నొకడు. టైగర్ వారింటి పిల్లి పేరు. ఆ టేబులులో నున్న వరుసలు 14. పదునాలుగు వరుసల టేబులుపై ఎంత వికారముగా వ్రాసిన క్వెరీయైనను రెప్పపాటులో ముగియును గనుక, మందగతి యనునది యొకటి కలదని ఉద్యోగమున చేరినపిదపగాని వారికి తెలియుటకు వీలులేకపోయినది.

ఉద్యోగమున వారికి ఎదురైన గురువులలో అనేకులు హిట్ రేషియో మతస్థులు. అడిగిన పుటలలో నూటికెన్ని డిస్కు ముట్టకుండ మెమరీలోనే దొరకుచున్నవో లెక్కించి, తొంబదికి పైబడినచో ఆరోగ్యమనియు, తగ్గినచో మెమరీ కొనవలెననియు వారు విధించెడివారు. ఆరకిల్ నిపుణుడు కేరీ మిల్‌సాప్ ఈ విశ్వాసముపై ఖండనవ్యాసము వ్రాసి, తొంబదితొమ్మిది శాతము సైతము రోగలక్షణము కావచ్చునని వాదించెను: చెడ్డ క్వెరీ ఒకే పుటను మెమరీలో లక్షసార్లు చదివిన శాతము పెరుగును, వినియోగదారుని నిరీక్షణయు పెరుగును. మరియొక నిపుణుడు కానర్ మక్‌డానల్డ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కోరిన శాతమును సాధించిపెట్టు చిన్న ప్రోగ్రామును వ్రాసెను; అది చేయునదెల్ల మెమరీలోని పుటలను నిష్ప్రయోజనముగా మరలమరల చదువుటయే. ఇంతటి చక్కని పరిహాసము ఈ వృత్తిచరిత్రలో మరియొకటి లేదు.

అటుపిమ్మట దృష్టి, యంత్రము మొత్తముమీద ఎట్లున్నదను ప్రశ్ననుండి ఈ యొక్క క్వెరీ ఎచ్చట కాలము గడపినదను ప్రశ్నకు మరలినది. ఆరకిల్ ఏడవ సంస్కరణమునుండియే తన నిరీక్షణలను నమోదు చేయుచుండెను. వానిని చదువు పద్ధతిని మిల్‌సాప్, జెఫ్ హోల్ట్ 2003లో గ్రంథస్థము చేసిరి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు మందగతి క్వెరీలకు ప్రత్యేకముగా లాగు పుస్తకము నుంచినది గాని, ఎవరును మార్చనిచో పది సెకండ్లు దాటినదానినే అందు మందమని వ్రాయును; నేటి వినియోగదారుడు అంతసేపు ఆగునా? 2002లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 7.2లో ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అను ఆజ్ఞ చేరినది. ఆప్టిమైజరు ఊహించిన వరుసల సంఖ్యయు, నిజముగా వచ్చిన సంఖ్యయు ఒకేచోట ప్రక్కప్రక్కన చూపుట దాని విశేషము.

ఆ రెండు అంకెల నడుమ అగాధ మెట్లేర్పడునో ఒక కల్పితోదాహరణముతో చూతము. ఇరువది లక్షల రైతుల టేబులున్నది. 20 జిల్లాలు, 500 మండలములు, 10,000 గ్రామములు, అన్నిట జనము సమానము. ఒక క్వెరీలో జిల్లా, మండలము, గ్రామము మూడును షరతులుగా వ్రాయబడినవి. గ్రామము తెలిసినచో మండలమును జిల్లాయు తెలిసినట్లే గనుక మనకు రావలసినవి 200 వరుసలు. యంత్రమునకు ఈ భూగోళజ్ఞానము లేదు. మూడును పరస్పరసంబంధము లేని షరతులని భావించి, ఇరువదింట నొకటి, ఐదువందలలో నొకటి, పదివేలలో నొకటి అని గుణించుకొని పోయి, వరుసలో ఏబదియవవంతు మాత్రమే రాగలదని తేల్చి, దానిని ఒకటిగా సవరించుకొనును. వచ్చునది ఒక్క వరుసయే యని నమ్మినపుడు, క్వెరీలో జోడింపబడిన ప్రక్క టేబులును ఇండెక్సు లేకుండ ఆమూలాగ్రము చదివినను ఒకమారే గదా యని, వచ్చిన ప్రతి వరుసకొకమారు ప్రక్క టేబులును చదువు నెస్టెడ్ లూప్ పద్ధతి నెన్నుకొనును. నడచునపుడు ఆ చదువు 200 మార్లు జరుగును. ఇట్టి అన్యోన్యసంబంధములను యంత్రమునకు తెలుపుటకు పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ స్టాటిస్టిక్స్ అను సాధనము 2017లో, పదవ సంస్కరణముతోగాని రాలేదు.

2015లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన విక్టర్ లైస్ ప్రభృతులు చలనచిత్రముల వివరములు గల నిజమైన సమాచారముపై 113 క్వెరీలు నడిపి, వేర్వేరు డేటాబేసుల ఊహలను పరీక్షించిరి. జోడింపబడు టేబుళ్లు పెరిగినకొలది ఊహ వాస్తవమునకు దూరమగుననియు, చెడ్డ మార్గములకు వెల కట్టు సూత్రములకంటె వరుసల సంఖ్యను తప్పుగా అంచనా వేయుటయే పెద్ద కారణమనియు తేలినది. కనుక మీ కార్యాలయమున డేటాబేసు మందగించినదని యెవరైన మెమరీ కొనుటకు అనుమతి కోరినయెడల, ఆ కాగితముపై సంతకము చేయుటకు ముందు, ఊహించిన వరుసలును వచ్చిన వరుసలును చూపు క్వెరీ ప్లానును మీ యెదుట నుంచుమని యడుగుడు.