గూఢావర్తనముల యన్వేషణము



ఘుణాక్షరన్యాయమని మన పెద్దలు చెప్పు న్యాయమొకటి కలదు. పురుగు కొయ్యను తొలుచుచుండగా నొక్కొక్కచోట నక్షరమువంటి గీత యేర్పడును. చూచినవాడు దానిని చదువును. పురుగు మాత్రము వ్రాయనేలేదు. చెదరిన యంకెల వరుసలో నొక కాలావర్తనము కానవచ్చినపుడు, అది ప్రకృతి వ్రాసిన యక్షరమా, పురుగు తొలిచిన గీతయా యని తేల్చు విద్యకు చరిత్ర యున్నది. దానినే నేడు మనవి చేసెదను.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. 1876వ సంవత్సరమున ధాత కరువు వచ్చెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు దారుణముగా దెబ్బతినెను. చెన్నపురి రాజధానిలో లక్షలకొలది జనులు మరణించిరి. వాన యెప్పుడు తప్పునో ముందుగా తెలియునా యని యందరును ప్రశ్నించిరి.

అంతకు పూర్వమే జర్మనీలోని డెస్సా పట్టణమున శ్వాబే యను ఔషధవిక్రేత 1826 మొదలు సూర్యబింబమును పరిశీలించి, అందలి మచ్చలు సుమారు పదేండ్లకొకమారు పెరిగి తగ్గుచున్నవని 1843లో కనుగొనెను. పిదప వుల్ఫు ఆ కాలము పదునొకండేండ్లకు చేరువయని నిర్ణయించెను. 1877లో హంటరు అను ప్రభుత్వోద్యోగి చెన్నపట్టణపు వర్షపాతపు లెక్కలను పదునొకండేండ్ల చక్రములుగా పేర్చి, మచ్చలు తగ్గినపుడు వానలును తగ్గునని ప్రకటించెను. అది నిజమైనచో ధాన్యమును ముందే నిలువచేయవచ్చును. అబద్ధమైనచో, చక్రమును నమ్మి గాదెలు ఖాళీగా నుంచిన యేటనే కరువు వచ్చి పడును.

ఆ యేడే స్ట్రేచీ యను నింజనీరు దీనిని పరీక్షించెను. చక్రము నిజమైనచో, దాని ననుసరించి గణించిన వర్షము, సాధారణపు సగటుకంటె నిజమైన వర్షమునకు దగ్గరగా నుండవలెను గదా! అట్టి మేలు చెప్పుకొనదగినంతగా కనబడలేదని యాయన తేల్చెను. సగటులు చక్కగా నెగుడుదిగుడులు చూపినంత మాత్రమున వ్యాప్తి సిద్ధింపదు.

మాంచెస్టరు ఆచార్యుడు షూస్టరు 1898లో ఈ పరీక్షకు క్రమబద్ధమైన గణితము నేర్పరచెను. ఊయలను తలచుకొనుడు. దాని లయకు సరిగా త్రోసినచో చిన్నత్రోపులును కూడి యూపు పెరుగును. లయ తప్పినచో నొకదాని నొకటి చెరచుకొనును. అట్లే యొక్కొక్క కాలమునకు తగిన తరంగముతో నంకెలను గుణించి కూడినచో, నిజమైన లయ మొత్తమును పెంచును. యాదృచ్ఛికమైన చెదరుపాటు చాలవరకు తనలో తానే రద్దగును. ప్రతికాలమునకును వచ్చిన బలమును గీసిన పటమునకు పీరియడోగ్రామని పేరు. అయితే కేవల యాదృచ్ఛికమైన యంకెలలోను శిఖరములు లేచును. ముందుగా నెన్నుకొనిన యొక కాలమున బలము సగటుకు 4.6 రెట్లు మించుట నూటికొక్కమారు మాత్రమే సంభవించును.

ఇక్కడ మన దేశమున పని చేసినవా డొకడు ముందుకు వచ్చెను. 1904 నుండి 1924 వరకు భారత వేధశాలల కధిపతిగా నుండిన గిల్బర్టు వాకరు కేంబ్రిడ్జి గణితజ్ఞుడు. ఆయన 1914లో నిట్లు హెచ్చరించెను: నూరు కాలములను వెదకి యందు మిక్కిలి యెత్తైన శిఖరమును మాత్రమే యెత్తి చూపినచో, నూటికొక్కమారను లెక్క చెల్లదు. ఆ నూరును స్వతంత్రములైనచో, వానిలో నొక్కటియైన నట్లు మించుట నూటికి సుమారు అరువదిమూడు మారులు జరుగును! అక్షరమునకై కొయ్యనంతయు వెదకినవానికి అక్షరము దొరకకుండునా?

1927లో యూలు మరియొక సూక్ష్మమును చూపెను. లోలకము నూగుచుండగా బాలురు బఠాణీలతో కొట్టుచున్నారనుకొనుడు. లోలకమునకు సహజమైన లయ యుండనే యున్నది. కాని దెబ్బలచే ఊపు హెచ్చుచు తగ్గుచు, కాలము జరుగుచుండును. సూర్యకళంకములు గడియారమువలెగాక యిట్టి లోలకమువలె నుండునని యాయన 1749 నుండి 1924 వరకు గల యంకెలతో వాదించెను. 1931లో వాకరు ఆ మార్గమును విస్తరించి, డార్విను రేవునందలి వాయుపీడనమునకు వర్తింపజేసెను. నేటికిని గణకులు యూలు-వాకరు సమీకరణములని వారిద్దరిని కలిపియే తలచుచున్నారు.

లయను కనుగొనుట సగము పని. కాకతాళీయము కాదని నిరూపించుట తక్కిన సగము. ఈ రెండవ సగమును విడిచినవాని జోస్యమునకు మూల్యము చెల్లించునది గణకుడు కాదు, వానకై మొగము పైకెత్తి నిలిచిన రైతు.