ఫ్రేజల్ వెర్బ్‌లు: భూతకాల ప్రయోగం

ఇంగ్లీషులో ఒక క్రియ, దాని వెంట ‘అప్’, ‘ఆఫ్’, ‘ఆఫ్టర్’ వంటి చిన్న అవ్యయం కలిసి కొత్త అర్థమిచ్చే పదబంధమే ఫ్రేజల్ వెర్బ్. భూతకాలంలో మారేది క్రియ ఒక్కటే. అవ్యయం అలాగే ఉంటుంది. మానుకోవడాన్ని చెప్పే ‘గివ్ అప్’ భూతకాలంలో ‘గేవ్ అప్’ అవుతుంది. వాయిదా వేయడాన్ని చెప్పే ‘పుట్ ఆఫ్’ రూపమే మారదు. ‘హీ’, ‘షీ’ తర్వాత ‘పుట్స్’ అని కాక ‘పుట్’ అని ఉంటే అది భూతకాలమని పోల్చుకోవాలి.

వ్యతిరేక వాక్యాల్లో, ప్రశ్నల్లో కాలాన్ని ‘డిడ్’ చూపుతుంది కనుక క్రియ మూలరూపంలోనే ఉంటుంది: ‘షీ డిడ్ నాట్ గివ్ అప్’. ఇక్కడ ‘గేవ్’ వాడడం నేర్చుకునేవారిలో తరచు కనిపించే పొరపాటు, శ్రద్ధగా దిద్దుకోవలసినది.

క్రియను, అవ్యయాన్ని విడదీయగల పదబంధాల్లో కర్మ సర్వనామమైతే వాటి మధ్యలోనే రావాలి: ‘హీ టర్న్‌డ్ ఇట్ ఆఫ్’. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి విడిపోవు: ‘షీ లుక్‌డ్ ఆఫ్టర్ దెమ్’.