హిమాలయ హిమానీనదాల తరుగుదల

హిమాలయాలలోని హిమానీనదాలు పంతొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలం నుండి పొడవులోను, మందంలోను తగ్గుతూ వస్తున్నాయి. భూగోళపు సగటు ఉష్ణోగ్రత పెరగటాన్ని భూతాపం అంటారు. భూతాపం వలన కలుగుతున్న మార్పులలో కంటికి కనిపించేవాటిలో ఈ తరుగుదల ఒకటి. కంటికి కనిపిస్తున్నా దీనిని కాదనేవారు ఉన్నారు. 2007లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదికలో ఈ హిమానీనదాలు 2035 నాటికి మాయమైపోతాయని తప్పుగా అచ్చయింది. ఆ తప్పు బయటపడిన తరువాత ఈ నిరాకరణకు పెద్ద ఊతం దొరికింది. నివేదికలో తప్పుగా ఉన్నది తేదీ. తరుగుదల మాత్రం జరుగుతూనే ఉంది. ఈ రెండింటినీ కలిపివేయటం వలన పుట్టిన గందరగోళం ఇప్పటికీ పూర్తిగా తొలగలేదు.

హిమానీనదం అంటే ఏమిటి?

హిమానీనదాన్ని ఇంగ్లీషులో గ్లేసియర్ అంటారు. ఎత్తైన కొండల మీద కురిసిన మంచు ఎండాకాలంలో కూడా పూర్తిగా కరగకుండా ఏటేటా పొరలుగా పేరుకుంటే, అడుగు పొరలు పై బరువుకి నలిగి గట్టి మంచుగడ్డగా మారతాయి. ఈ గడ్డ తన బరువుకి తానే పల్లం వైపు మెల్లగా జారుతుంది. నదిలా కదులుతుంది కనుక దీనికి ఆ పేరు వచ్చింది. పై భాగంలో కొత్త మంచు చేరుతూ ఉంటుంది, దిగువ భాగంలో కరిగి నీరవుతూ ఉంటుంది. మొదటిదాన్ని జమ అనీ, రెండవదాన్ని ఖర్చు అనీ అనుకుంటే, ఆదాయం కంటే ఖర్చు ఎక్కువైన ఇల్లు ఎలా నడుస్తుందో ఈ హిమానీనదమూ అలాగే నడుస్తుంది. కొంతకాలం పాత నిల్వ మీద గడిచిపోతుంది. బయటివారికి ఏమీ తెలియదు.

ఈ ఆఖరి మాట ముఖ్యమైనది. హిమానీనదపు దిగువ కొస ఎక్కడ ఉన్నదో చూడటం తేలిక. ఎవరైనా నడిచి వెళ్ళి, ఒక బండ మీద గుర్తు పెట్టి రావచ్చు. కాని పెద్ద హిమానీనదపు కొస వాతావరణంలో వచ్చిన మార్పుకి స్పందించటానికి దశాబ్దాలు పడుతుంది. పైగా హిమాలయాలలో చాలా హిమానీనదాల దిగువ భాగం రాళ్ళతో, మట్టితో కప్పబడి ఉంటుంది. ఈ కప్పు మందంగా ఉన్నచోట కింది మంచుకు ఎండ తగలదు. అటువంటిచోట కొస కదలకుండా నిలిచి ఉండగానే వెనుక ఉన్న మంచు పలచబడిపోతుంది. కనుక అసలు లెక్క తేలాలంటే మందం కొలవాలి. అది చాలా శ్రమతో కూడిన పని.

కాఠ్మండూలో ఉన్న అంతర్జాతీయ సంస్థ ఇసిమోడ్ 2011లో ప్రకటించిన పట్టిక ప్రకారం హిందూకుష్-హిమాలయ ప్రాంతంలో సుమారు 54,000 హిమానీనదాలు ఉన్నాయి. వాటి మొత్తం వైశాల్యం సుమారు 60,000 చదరపు కిలోమీటర్లు.

కనిపిస్తున్న మార్పులు

భాగీరథి నది పుట్టేచోటు గంగోత్రి హిమానీనదపు కొస. దీనినే గోముఖం అంటారు. హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. 1935లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన జె.బి. ఆడెన్ ఈ కొసను కొలిచి పటం గీశాడు (ఇతను ప్రసిద్ధ ఆంగ్ల కవి ఆడెన్‌కు అన్న). ఆ పటం ఉండబట్టే తరువాతి వారికి పోల్చి చూసుకోవటానికి ఆధారం దొరికింది. ఆనాటి నుండి గోముఖం సగటున ఏడాదికి ఇంచుమించు 20 మీటర్ల చొప్పున వెనుకకు జరుగుతూ, ఇరవయ్యవ శతాబ్దం ముగిసేసరికే కిలోమీటరుకు పైగా జరిగింది. అయితే ఈ జరుగుదల ఏటా ఒకే తీరున ఉండదు. కొన్నేళ్ళు వేగంగా జరుగుతుంది, కొన్నేళ్ళు దాదాపు ఆగిపోతుంది.

నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ లోయలో యాలా అనే చిన్న హిమానీనదం 1970 దశకం నుండి మూడింట రెండు వంతుల మేర కుంచించుకుపోయింది. 2025 మే నెలలో దానికి వీడ్కోలు చెప్పే సభ ఒకటి ఆ కొండ మీదనే జరిగింది. బౌద్ధ భిక్షువులు, శాస్త్రవేత్తలు, ఊరివారు కలిసి పాల్గొన్నారు. ఒక హిమానీనదానికి సంతాపసభ జరపటం ఆసియాలో ఇదే మొదటిసారి. లదాఖ్‌లోని జన్స్‌కార్ ప్రాంతంలో కుమిక్ అనే గ్రామం వారికి పైనుండి వచ్చే మంచునీరే ఆధారం. ఆ వాగు ఎండిపోతుండటంతో వారు తరాల నాటి ఇళ్ళను విడిచి దిగువన కొత్త ఊరు కట్టుకోవలసి వచ్చింది.

మంచు వెనుకకు తగ్గినచోట గుంటలలో నీరు నిలిచి సరస్సులవుతుంది. వీటి గట్లు రాళ్ళు, మట్టి, గడ్డకట్టిన మంచు కలిసినవి కనుక నమ్మదగినవి కావు. సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు ఇలా ఏర్పడి పెరుగుతూ వచ్చినదే. 2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి దీని పక్కగట్టు విరిగి నీటిలో పడటంతో పెద్ద అల లేచి సరస్సు తెగింది. తీస్తా నది పొంగి చుంగ్‌థాంగ్ వద్ద జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం విడుదల చేసిన ఉపగ్రహ చిత్రాలలో సెప్టెంబరు 28న సుమారు 167 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న సుమారు 60 హెక్టార్లుగా కనిపించింది.

ప్రతి విపత్తునూ భూతాపం ఖాతాలో వేయటం కూడా సరికాదు. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో వచ్చిన వరదలో రెండు వందల మందికి పైగా చనిపోవటమో, గల్లంతవటమో జరిగింది. మొదట దానిని సరస్సు తెగిన వరద అనుకున్నారు. తరువాత జరిగిన పరిశోధనలో రోంటీ శిఖరం నుండి కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు కలిసి విరిగిపడటమే కారణమని తేలింది. ఆ ఒక్క సంఘటనకు భూతాపం ఎంతవరకు బాధ్యత వహిస్తుందో చెప్పటం కష్టం.

కొలతలు ఎలా చేస్తారు?

హిమానీనదంలో వెదురు గడలు పాతి, ఏటా ఎంత మేర బయటపడ్డాయో చూసి కరిగిన మందాన్ని లెక్కకట్టటం పాత పద్ధతి. హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా శిగ్రీ హిమానీనదం మీద 2002 నుండి ఈ విధంగా కొలతలు జరుగుతున్నాయి. లెక్క మొత్తం మీద ఖర్చు వైపే ఉంది. ఇటువంటి కొలతలు జరిగిన హిమానీనదాలు వేలలో కొన్ని మాత్రమే.

ఈ లోటును కొంత తీర్చినవి అమెరికా గూఢచారి ఉపగ్రహాలు. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో హెక్సగాన్ అనే ఉపగ్రహాలు ఇతర దేశాల సైనిక స్థావరాలతో పాటు హిమాలయాలను కూడా ఫొటోలు తీశాయి. ఆ ఫొటోలను రహస్యపు జాబితా నుండి తొలగించిన తరువాత శాస్త్రవేత్తలు వాటినుండి ఎత్తులు లెక్కకట్టి, కొత్త ఉపగ్రహాల కొలతలతో పోల్చారు. 2019లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో సుమారు 650 హిమానీనదాలను పరిశీలించారు. 1975-2000 మధ్య పోయిన మంచు సగటున ఏడాదికి 0.22 మీటర్ల మందం నీటికి సమానం కాగా, 2000-2016 మధ్య అది 0.43 మీటర్లు. అంటే వేగం దాదాపు రెట్టింపయింది. ఎవరినో కనిపెట్టటానికి తీసిన బొమ్మలు ఇలా పనికివచ్చాయి.

2035 పొరపాటు

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వాతావరణ మార్పులను సమీక్షించే అంతర ప్రభుత్వ సంఘాన్ని ఐపీసీసీ అంటారు. 2007లో ఇది నాలుగవ నివేదికను ప్రచురించింది. అదే ఏడాది అల్ గోర్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి పొందింది. ఆ నివేదిక రెండవ సంపుటం వెయ్యి పుటలకు దగ్గరగా ఉంటుంది. అందులో ఆసియా గురించిన పదవ అధ్యాయంలో, హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి, ఇంకా ముందే కావచ్చు, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువగా ఉందని, వాటి వైశాల్యం 5,00,000 చదరపు కిలోమీటర్ల నుండి 1,00,000కి తగ్గుతుందని రాశారు.

మాయమైపోయే వాటికి లక్ష చదరపు కిలోమీటర్లు ఎలా మిగులుతాయి? అసలు ఆ ప్రాంతమంతటా ఉన్నదే 60,000 అని పైన చూశాము. ఈ అంకెలకు మూలం 1996లో రష్యా శాస్త్రవేత్త కోత్ల్యాకోవ్ సంపాదకత్వంలో యునెస్కో ప్రచురించిన పత్రం. అందులో చెప్పినది ధ్రువ ప్రాంతాల వెలుపల ప్రపంచమంతటా ఉన్న హిమానీనదాల గురించి. అక్కడ ఇచ్చిన సంవత్సరం 2350. ఇక 2035 అన్న సంవత్సరం 1999లో ఢిల్లీ నుండి వెలువడే డౌన్ టు ఎర్త్, లండన్ నుండి వెలువడే న్యూ సైంటిస్ట్ పత్రికలలో భారతీయ శాస్త్రవేత్త సయ్యద్ హస్నైన్‌ను ఉటంకిస్తూ వచ్చింది. అక్కడినుండి 2005లో ఒక పర్యావరణ సంస్థ నివేదికలోకి, దానినుండి ఐపీసీసీ నివేదికలోకి చేరింది. ఇన్ని చేతులు మారినా మూలాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

అదే అధ్యాయంలో పిండారీ హిమానీనదం 1845 నుండి 1966 వరకు 2,840 మీటర్లు వెనుకకు జరిగిందని, అంటే ఏడాదికి 135.2 మీటర్లని ఒక పట్టికలో ఉంది. ఆ కాలం 121 ఏళ్ళు. 2,840ని 121తో భాగిస్తే 23.5 వస్తుంది. 135.2 రావాలంటే 21తో భాగించాలి. లెక్క వేసినవారు ఒక నూరేళ్ళు మరచిపోయారు!

2009 నవంబరులో భారత పర్యావరణ మంత్రిత్వ శాఖ, భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ విశ్రాంత అధికారి వి.కె. రైనా రాసిన చర్చాపత్రాన్ని విడుదల చేసింది. హిమానీనదాలు వెనుకకు జరుగుతున్న మాట నిజమే కాని అది అసాధారణమైన వేగం కాదని, భూతాపంతో దానిని ముడిపెట్టటం తొందరపాటని, గంగోత్రి 2007 నుండి దాదాపు కదలలేదని అందులో ఉంది. ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరీ దీనిని ఊడూ సైన్స్ అని, అంటే మంత్రతంత్రాల శాస్త్రమని తీసిపారేశాడు. అప్పటి మంత్రి జైరాం రమేష్ ఆంధ్ర ప్రదేశ్ నుండి రాజ్యసభకు ఎన్నికైనవాడు. పచౌరీ తన ఉద్యోగ జీవితంలో కొన్నేళ్ళు హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజిలో గడిపినవాడు.

తేదీ విషయంలో పచౌరీ ఓడిపోయాడు. 2010 జనవరి 20న ఐపీసీసీ తన తప్పును ఒప్పుకొని విచారం ప్రకటించింది. తప్పు మూలాన్ని వెలికితీసినవారు మాత్రం భూతాపాన్ని కాదనేవారు కాదు. కెనడాకు చెందిన గ్రాహమ్ కాగ్లీ, ఆస్ట్రియాకు చెందిన గియోర్గ్ కాసర్ వంటి హిమానీనద శాస్త్రవేత్తలే ఆ పని చేశారు. ఆ అంకె తప్పని ప్రచురణకు ముందే, 2006లోనే, తాను హెచ్చరించానని కాసర్ చెప్పాడు. హిమానీనద నిపుణులు రాసిన మొదటి సంపుటంలో గాని, ప్రభుత్వాల కోసం తయారుచేసిన సారాంశంలో గాని 2035 ప్రస్తావనే లేదు.

నిరాకరణ

ఈ వ్యవహారం బయటపడిన సమయం కూడా కలిసివచ్చింది. 2009 నవంబరులో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం నుండి శాస్త్రవేత్తల ఈమెయిళ్ళు దొంగిలించబడి బయటకు వచ్చాయి. డిసెంబరులో కోపెన్‌హాగన్ సమావేశం ఒప్పందం కుదరకుండా ముగిసింది. జనవరిలో ఇది. పాశ్చాత్య పత్రికలు దీనికి గ్లేసియర్‌గేట్ అని పేరు పెట్టాయి. ఒక పేరా తప్పు కనుక నివేదిక మొత్తం తప్పు, నివేదిక తప్పు కనుక భూతాపమే లేదు అన్నంత దూరం వాదన వెళ్ళింది. ఈమెయిళ్ళ మీద జరిగిన విచారణలలో కొలతలు కల్పించారని ఎక్కడా తేలలేదు. 2010లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సంస్థ ఒకటి ఐపీసీసీ నివేదికను తిరిగి పరిశీలించి, మరికొన్ని పొరపాట్లు ఎత్తిచూపి, ప్రధాన నిర్ణయాలకు మాత్రం వాటివలన భంగం లేదని తేల్చింది. తప్పు గురించి విన్నంతమంది ఈ ముగింపుల గురించి వినలేదు.

భారతదేశంలో నిరాకరణ తీరు వేరు. ఇక్కడ భూతాపమే లేదన్నవారు తక్కువ. బొగ్గు, చమురు కాల్చి బాగుపడిన దేశాలు ఇప్పుడు హిమాలయాల పేరు చెప్పి మన చేతులు కట్టివేస్తున్నాయన్న అనుమానం ఎక్కువ. ఆ అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది. కాని ఎవరి బాధ్యత ఎంత అన్న ప్రశ్న వేరు, మంచు కరుగుతున్నదా లేదా అన్న ప్రశ్న వేరు. జైరాం రమేష్ కూడా హిమానీనదాల పరిస్థితి ఆందోళనకరమేనని, తన అభ్యంతరం ఆధారం లేని అంకెల మీదనేనని అన్నాడు. ప్రచారంలో ఈ రెండవ సగమే మిగిలింది.

తరచు వినిపించే మరొక వాదన అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం మీద ఆధారపడింది. 2001 నుండి 2011 వరకు 2,018 హిమానీనదాలను పరిశీలించగా 1,752 కొసలు కదలలేదు, 248 వెనుకకు జరిగాయి, 18 ముందుకు వచ్చాయి. కొలతలో తప్పు లేదు. అయితే అది కొసల కొలత. మందం గురించి అది ఏమీ చెప్పదు. పదేళ్ళు పెద్ద హిమానీనదానికి చాలా తక్కువ వ్యవధి. కొసలు నిలిచి ఉన్న ఆ దశాబ్దంలోనే మంచు పలచబడటం వేగం పుంజుకున్నదని గూఢచారి ఉపగ్రహాల పోలికలో తేలింది.

కారకోరం పర్వతాల సంగతి నిజంగానే వేరు. అక్కడి హిమానీనదాలు ఈ శతాబ్దం మొదట్లో నిలకడగా ఉండటమో, కొద్దిగా పెరగటమో జరిగింది. కెనడా శాస్త్రవేత్త కెన్నెత్ హ్యూవిట్ 2005లో దీనికి కారకోరం అసంగతి అని పేరు పెట్టాడు. అక్కడ మంచు ముఖ్యంగా చలికాలంలో పడమటి గాలులతో కురుస్తుంది. తూర్పు, మధ్య హిమాలయాలలో ఎక్కువభాగం వానాకాలంలో కురుస్తుంది. వేడి కొద్దిగా పెరిగితే ఈ రెండవచోట మంచుకు బదులు వాన పడుతుంది కనుక జమ తగ్గి ఖర్చు పెరుగుతుంది. ఇటీవలి కొలతలలో కారకోరంలో కూడా తరుగుదల మొదలైన సూచనలు కనిపించాయి.

అంచనాలు

ఇసిమోడ్ 2023 నివేదిక ప్రకారం 2011-2020 దశాబ్దంలో ఈ ప్రాంతపు హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా మంచును కోల్పోయాయి. భూతాపం 1.5 నుండి 2 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆగితే 2100 నాటికి ఘనపరిమాణంలో 30 నుండి 50 శాతం పోవచ్చని అంచనా. 2035కు అంతా మాయమవుతుందన్న మాటకూ దీనికీ పోలిక లేదు. ఏమీ కాదన్న మాటకూ పోలిక లేదు.

నదుల విషయంలో కూడా అతిశయోక్తులు ఉన్నాయి. మంచు కరిగితే గంగ ఎండిపోతుందన్న మాట సరికాదు. మైదానంలో గంగ నీటిలో అధికభాగం వానది. సింధు నదికి మాత్రం మంచునీరు ప్రాణాధారం. పాకిస్తాన్ సేద్యం చాలావరకు దాని మీదనే నడుస్తుంది. గోదావరి, కృష్ణా నదులకు హిమానీనదాలతో సంబంధం లేదు. కరగటం ఎక్కువైన తొలి దశాబ్దాలలో నదులలో నీరు పెరుగుతుంది, నిల్వ తరిగిన తరువాత తగ్గుతుంది. సింధు పరీవాహక ప్రాంతంలో ఈ మలుపు ఈ శతాబ్దపు మధ్యభాగంలో రావచ్చని అంచనా. కుమిక్ వంటి చిన్న లోయలలో అది ఇప్పటికే వచ్చేసింది.