పండగ పూట ఫుట్‌బాల్‌.. పట్నం పోయేదెలా, వచ్చేదెలా?

సిద్దిపేట: సెలవు దినం వచ్చిందంటే జిల్లాలోని ఫుట్‌బాల్‌ అభిమానుల చూపు హైదరాబాద్‌ వైపు మళ్లుతుంది. పెద్ద మ్యాచ్‌ ఏదైనా జరిగేది అక్కడే. సిద్దిపేట నుంచి రాజీవ్‌ రహదారి మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్‌ సుమారు వంద కిలోమీటర్లు. వెళ్లడం పెద్ద సమస్య కాదు. రాత్రి మ్యాచ్‌ ముగిశాక ఇల్లు చేరడమే సమస్య. పండగ రోజైతే అది రెట్టింపవుతుంది.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్‌ కొత్త కాదు. సయ్యద్‌ అబ్దుల్‌ రహీం శిక్షణలో హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్‌ కప్‌ గెలుచుకుంది. రహీం తీర్చిదిద్దిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. ఆనాటి ఆటకు వేదికైన ఫతే మైదాన్‌, నేటి లాల్‌ బహదూర్‌ స్టేడియం, నగరం నడిబొడ్డున ఉంది. బస్సు దిగి నడిచి వెళ్లగలిగేంత దగ్గర. తరువాతి కాలంలో పెద్ద మ్యాచ్‌లు గచ్చిబౌలిలోని జి.ఎం.సి.బాలయోగి స్టేడియానికి మారాయి. జిల్లాల నుంచి వచ్చేవారికి చిక్కు మొదలైంది ఇక్కడే.

ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ జరిగిన ఆటలు తక్కువేమీ కావు. 2019లో ఏర్పడిన హైదరాబాద్‌ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ విజేతగా నిలిచింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్‌ కప్‌ ఇక్కడే జరిగింది. 3న భారత్‌ - మారిషస్‌, 9న భారత్‌ - సిరియా తలపడగా, మధ్యలో 7వ తేదీన వినాయక చవితి వచ్చింది. ఆ ఏడాది నవంబరు 18న భారత్‌ - మలేషియా మ్యాచ్‌, డిసెంబరు 31న సంతోష్‌ ట్రోఫీ తుదిపోరు కూడా గచ్చిబౌలిలోనే జరిగాయి. అయితే 2025 అక్టోబరులో హైదరాబాద్‌ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీగా పేరు మార్చుకుంది. పదిహేను రోజులకోసారి సొంత జట్టు ఆట చూసే అవకాశం ఆ విధంగా పోయింది. ఇక ఎప్పుడో ఒకసారి వచ్చే అంతర్జాతీయ మ్యాచ్‌లు, జాతీయ టోర్నీలే దిక్కు. కాబట్టి వచ్చిన ఒక్క అవకాశాన్ని బస్సు దొరకక పోగొట్టుకోవడం మరింత బాధాకరం.

ఎదురు దిశలో ప్రయాణం

దసరా, సంక్రాంతి వంటి పండగలకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. 2003లో ప్రభుత్వం జారీచేసిన 16వ నంబరు జీవో ప్రకారం ఈ ప్రత్యేక బస్సుల్లో సాధారణ ఛార్జీకి ఒకటిన్నర రెట్ల వరకు వసూలు చేసుకునే వీలుంది. నగరం నుంచి నిండుగా వెళ్లిన బస్సు తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావలసి వస్తుందని, ఆ డీజిల్‌ ఖర్చు కోసమే ఈ సవరణ అని సంస్థ చెబుతూ వస్తోంది.

ఫుట్‌బాల్‌ అభిమాని ప్రయాణం దీనికి సరిగ్గా ఎదురు దిశలో సాగుతుంది. పండగ ముందు రోజు లోకమంతా నగరం నుంచి ఊరికి వస్తుంటే అతడు ఊరి నుంచి నగరానికి వెళతాడు. ఖాళీగా మళ్లే బస్సుల్లో సీటు సులభంగానే దొరుకుతుంది. కానీ రాత్రి తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లకు వెళ్లే జనమంతా జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఉంటారు. అప్పుడు నిలబడేందుకు చోటు దొరకడం కష్టం, ప్రత్యేక బస్సైతే ఛార్జీ కూడా ఎక్కువ. పండగ మరునాటి నుంచి పరిస్థితి తలకిందులవుతుంది. వెళ్లేటప్పుడు రద్దీ, వచ్చేటప్పుడు ఖాళీ. ఈ లెక్క తెలిసినవారు రద్దీ ఉండే వైపు సీటును ముందే రిజర్వు చేసుకుంటారు.

మన జిల్లాకు మరో ప్రత్యేకత ఉంది. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తరువాతి ఆదివారం నుంచి ఉగాది వరకు సాగుతుంది. దేశంలో ఫుట్‌బాల్‌ లీగులు జోరుగా జరిగే కాలమూ సాధారణంగా అదే. ఆ ఆదివారాల్లో రాజీవ్‌ రహదారిపై రద్దీ భక్తులది. దీన్ని తప్పు పట్టవలసిన పని లేదు. మల్లన్న దగ్గరికి వెళ్లే జనం ముందు ఫుట్‌బాల్‌ అభిమానులు ఎంతమంది?

రైలు ఉన్నా..

మనోహరాబాద్‌ - కొత్తపల్లి రైలుమార్గంలో సిద్దిపేట వరకు పూర్తయిన భాగాన్ని 2023 అక్టోబరు 3న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. దశాబ్దాల కల నెరవేరింది. బస్సు కంటే ఛార్జీ ఎంతో తక్కువ. గజ్వేల్‌ మీదుగా మనోహరాబాద్‌ చుట్టి సికింద్రాబాద్‌ చేరడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. సెలవు రోజున తీరికగా వెళ్లేవారికి ఇది ఇబ్బంది కాదు. అయితే ప్రారంభంలో ప్రకటించిన వేళల ప్రకారం సికింద్రాబాద్‌ నుంచి తిరుగు రైలు సాయంత్రం ఆరులోపే బయలుదేరుతుంది. రాత్రి ఏడున్నరకు మొదలయ్యే ఆటకు వెళ్లినవారికి అది ఉన్నా లేనట్టే. పోవడానికి రైలు, రావడానికి బస్సు అనుకోవడమే మేలు.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగినవారికి మెట్రో పక్కనే ఉంది. పరేడ్‌ గ్రౌండ్‌ స్టేషన్‌లో నాగోల్‌ - రాయదుర్గం మార్గంలోని రైలెక్కితే మారకుండా రాయదుర్గం చేరవచ్చు. అక్కడి నుంచి స్టేడియం దాదాపు అయిదు కిలోమీటర్లు. ఈ అయిదు కిలోమీటర్లే అసలు కష్టం. సాధారణ రోజుల్లో సిటీ బస్సులు దొరుకుతాయి. సెలవు రాత్రి వేలమంది ఒకేసారి బయటికి వస్తే ఆటోలవారు చెప్పిందే రేటు. ఉప్పల్‌ క్రికెట్‌ మైదానానికి వెళ్లేవారికి ఈ బాధ లేదు. వారికి స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్‌ ఉంది. ఐపీఎల్‌ మ్యాచ్‌లకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడిపింది, మెట్రో వేళలనూ పొడిగించారు. ఫుట్‌బాల్‌కు ఆ పాటి ఆదరణ లేదు. రాయదుర్గం నుంచి గచ్చిబౌలికి మ్యాచ్‌ రోజున నాలుగు బస్సులు తిప్పినా చాలు, జిల్లాల నుంచి వచ్చేవారి కష్టం సగం తీరుతుంది.

కొచ్చిలో కలూరు స్టేడియం పక్కనే మెట్రో స్టేషన్‌ ఉంది, బ్లాస్టర్స్‌ ఆడే రాత్రులు రైళ్ల వేళలను పొడిగిస్తుంటారు. కోల్‌కతాలో సాల్ట్‌ లేక్‌ స్టేడియానికి 2020 ఫిబ్రవరిలో మెట్రో వచ్చింది. జర్మనీలో 2024 యూరో పోటీల టికెట్టు ఉన్నవారికి 36 గంటలపాటు స్థానిక ప్రయాణం ఉచితంగా కల్పించారు. అన్నిచోట్లా ఇంత సుఖం లేదు. ఫుట్‌బాల్‌కు పుట్టిల్లనదగిన ఇంగ్లండ్‌లో క్రిస్మస్‌ మరునాడు మ్యాచ్‌లు ఆడటం పాత ఆచారం, ఆ రోజున రైళ్లు దాదాపుగా నడవకపోవడమూ ఆచారమే. అక్కడి అభిమానులు ఏటా దీనిపై మొరపెట్టుకుంటూనే ఉంటారు.

ఇక గడియారం సంగతి. ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నర ప్రాంతంలో ముగుస్తుంది. జనం మధ్య నుంచి బయటపడి రాయదుర్గం చేరేసరికి పదీ పావు, జూబ్లీ బస్‌స్టేషన్‌కు వచ్చేసరికి పదకొండు. 2025 నవంబరు నుంచి మెట్రో వేళలు అన్ని రోజులూ ఉదయం 6 నుంచి రాత్రి 11 గంటల వరకు. ఆట పెనాల్టీల వరకు సాగితే ఈ లెక్క తప్పుతుంది. 2024 సంతోష్‌ ట్రోఫీ తుదిపోరులో బెంగాల్‌ ఆటగాడు రోబి హన్స్‌దా కేరళపై ఏకైక గోల్‌ కొట్టింది ఆట నిర్ణీత సమయం ముగిశాకే. చివరి బస్సు కోసం అయిదు నిమిషాల ముందు లేచినవారికి ఆ గోల్‌ దక్కి ఉండదు.

పదకొండు దాటాక కరీంనగర్‌, గోదావరిఖని, మంచిర్యాల వైపు వెళ్లే రాత్రి సర్వీసులే ఆధారం. బస్సు సిద్దిపేట బస్టాండుకు వస్తుందా, బయటి దారినే పోతుందా అన్నది కండక్టర్‌ను అడిగి ఎక్కాలి. అర్ధరాత్రి దాటాక రహదారిపై దిగితే ఆటో దొరకదు. దుబ్బాక, హుస్నాబాద్‌, చేర్యాల వైపు వెళ్లవలసినవారు తెల్లవారే వరకు బస్టాండులో ఉండక తప్పదు. 2023 డిసెంబరు 9 నుంచి అమలవుతున్న మహాలక్ష్మి పథకం వల్ల మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ఛార్జీ లేదు. రాత్రిపూట నడిచేవాటిలో సూపర్‌ లగ్జరీల వంటివి ఉంటే వాటికి టికెట్టు కొనాల్సిందే. ఆట నేర్చుకుంటున్న బాలికలను పెద్ద మ్యాచ్‌కు పంపడానికి తల్లిదండ్రులు వెనుకాడేది డబ్బు కోసం కాదు, ఈ అర్ధరాత్రి దిగడం కోసం.

నలభై, యాభై మంది కలిసి వెళితే ఆర్టీసీ బస్సును అద్దెకు తీసుకోవడం అన్నిటికంటే సుఖం. పెళ్లిళ్లకు తీసుకున్నట్టే డిపోలో ముందుగా సొమ్ము కట్టి బుక్‌ చేసుకోవచ్చు. 2023 మే నుంచి గ్రామాలకు నియమించిన విలేజ్‌ బస్‌ ఆఫీసర్ల ద్వారానూ అడగవచ్చు. అద్దె బస్సు నగరంలోకి వెళ్లనక్కర్లేదు. శామీర్‌పేట వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కి గచ్చిబౌలిలో దిగితే చాలు, టోల్‌ రుసుము మాత్రం అదనం. పండగ రోజుల్లో బస్సులన్నీ ప్రత్యేక సర్వీసులకు వెళతాయి కనుక మ్యాచ్‌ తేదీ ప్రకటించిన వారంలోనే డిపోను సంప్రదించాలి.