హుండీ మొదలు కార్డు వఱకు: చిన్న వర్తకుని రుసుముల చరిత్ర

మన వార్షిక మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికకు వర్తకచరిత్రమునకు సంబంధించిన వ్యాస మొకటి పంపవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఏ సత్రశాసనమును గుఱించియో వ్రాయుదమని మొదట తలచితిమి. ఇంతలో గడచిన వేసగిలో మేము నూజెండ్లకు పోవుట తటస్థించినది. అచట ఎరువులు, విత్తనములు అమ్ము నొక చిన్న యంగడి గలదు. దాని యజమాని మాకు వరుసకు మేనల్లుడు. అతని గల్లాపెట్టె ప్రక్కన కార్డులను గీయు యంత్ర మొకటి దుమ్ము పట్టియుండెను. "మామయ్యా, దీనిని నెలకు పదిసారులైనను ముట్టుకొనము. అద్దె మాత్రము నెలనెలా ఖాతాలో కోసికొనుచున్నారు. ఇపుడు వేఱొకరు వచ్చి తమ యంత్రమును పెట్టుకొమ్మనుచున్నారు. ఏది పుచ్చుకొనవలెనో మీరే చెప్పుడు" అని యతడు నాలుగు పుటల ఇంగ్లీషు ఒడంబడికను మా చేతిలో బెట్టెను. దానిని చదివిన పిమ్మట శాసనములకంటె నిదియే వ్రాయదగిన విషయముగా తోచినది.

అయినను శాసనమును బొత్తిగా విడువజాలము. మనకు దాపుననే, నేటి బాపట్ల జిల్లా సముద్రతీరమున మోటుపల్లిలో, కాకతి గణపతిదేవ చక్రవర్తి శక వర్షము 1166న, అనగా క్రీ.శ. 1244-45లో, ఓడవర్తకులకు అభయశాసనము వేయించెను. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునెల్ల బలిమిని గొనుచుండిరనియు, తాము క్లుప్తశుల్కము తప్ప వేఱేమియు గొనమనియు దానియందు గలదు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొక పాలు ఆ శుల్కము. క్లుప్తమనగా నిర్ణయింపబడినది. నూటికి మూడు రూపాయలు దాటిన యా సుంకము స్వల్పమని మే మనము. కాని యది ఱాతిమీద నున్నది. ఓడ నడుపువాడు రేవు చేరకమున్నే తన లెక్క తాను వేసికొనవచ్చును.

హుండీల కాలమునను వర్తకులు కోరినది యిట్టి నిశ్చయమునే. దర్శని హుండి చూపినంతనే చెల్లవలెను. ముద్దతి హుండి గడువునాటికి చెల్లవలెను. గడువునకు ముందే సొమ్ము కావలసినవాడు వట్టము విడిచి పుచ్చుకొనును. ఉత్తరదేశపు సాహుకార్ల వాడుకలో షాజోగు హుండి యని యొకటి గలదు. దాని సొమ్ము పేరుపడిన సాహుకారునకే చెల్లును గాని తెచ్చిన ప్రతివానికిని చెల్లదు. కావున దొంగకు దానివలన లాభము లేదు. హుండి పోయినచో పేఠు వ్రాయుదురు. అదియు పోయినచో పర్‌పేఠు. చెల్లింపవలసినవాడు నిరాకరించినయెడల ఎవరియొద్దకు పోవలెనో తెలుపు జిక్రి చిట్టి కొన్నింటికి తోడుగ నుండును. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము సయితము దేశభాషలలో వ్రాయబడు పత్రముల విషయమున స్థానికాచారమును చెఱుపక విడిచినది. ఈ యేర్పాటులన్నిటి మూలమున నున్నవి నాలుగు ప్రశ్నలే: ఈ పత్రము వెనుకనున్న పేరెవరిది? వట్టమెంత? సొమ్ము చేతికి వచ్చుట యెన్నడు? తిరిగివచ్చినయెడల నష్టమెవరిది? చదువరులు వీనిని జ్ఞప్తియం దుంచుకొన గోరెదము.

ఇక కార్డుల మాట. 1950లో న్యూయార్కు నగరమున డైనర్సు క్లబ్బను సంస్థ పూటకూటియిండ్లలో చెల్లునట్టి కార్డును పుట్టించెను. తిన్నవాడు నెలాఖరున చెల్లించును. వడ్డించినవాడు నూటికి 7 వంతున విడుచుకొనును. 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున బ్యాంక్ ఆఫ్ అమెరికావారు అడుగకయే అఱువదివేలమందికి కార్డులు పంపిరి. ఆ కార్డునకే 1976లో వీసా యను పేరు వచ్చినది. డైనర్సు క్లబ్బు 1961లో మన దేశమునకు వచ్చెను గాని, అది బొంబాయి వంటి మహానగరముల దొరల సొత్తు.

మన తెలుగు బ్యాంకు దీనిని మనవారి యొద్దకు తెచ్చినదని చెప్పుకొనుట మాకు ముచ్చట. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయము చేయబడి, ఆ మఱుసటి సంవత్సరముననే, అనగా 1981లో, క్రెడిటు కార్డులను ప్రవేశపెట్టి దేశమున నీ పనికి పూనిన మొదటి బ్యాంకులలో నొకటిగ పేరొందెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. మచిలీపట్టణపు మదుపుతో మొలచిన పేరు బోర్డులమీదనుండి తొలగుట చూచి మే మొకింత బాధపడితిమని యొప్పుకొనెదము.

ఆ తొలినాళ్లలో నేటి యంత్రములు లేవు. ఇనుపబల్లపై కార్డునుంచి, దానిపై కార్బను రసీదు పఱచి, పిడిని ఇటునటు లాగిన కార్డుమీది యుబ్బెత్తు అక్షరములు కాగితమున పడును. కొనువాడు సంతకము చేయును. పోయిన కార్డుల యంకెలు గల పట్టికను అంగడివాడు వెదకిచూడవలెను; మొత్తము పెద్దదైన బ్యాంకునకు టెలిఫోను చేసి యనుమతి పడయవలెను. పిమ్మట రసీదులను బ్యాంకున దాఖలు చేసి సొమ్మునకై కాచుకొనవలెను. దర్శని హుండీ చూపిన సాహుకారు సయితము ఇన్ని అవస్థలు పడలేదేమో!

యంత్రము మాఱినను లోపలి యేర్పాటు మాఱలేదు. కొనువానికి కార్డునిచ్చిన బ్యాంకు ఒకటి. వర్తకునికి ఖాతానిచ్చి యంత్రము పెట్టిన బ్యాంకు మఱొకటి. ఆ రెంటినడుమ వీసా, మాస్టరుకార్డు, రూపే వంటి దారి. వర్తకుడు విడుచు రుసుమును ఈ మువ్వురును పంచుకొందురు. అందు పెద్దపాలు సామాన్యముగ కార్డునిచ్చిన బ్యాంకుదే. ఇది తెలియనివాడు యంత్రము తెచ్చిన కుఱ్ఱవానితో రూపాయి పావలా బేరమాడి, తానేదో గెలిచితినని మురియును. ఆ కుఱ్ఱవాని సంస్థ చేతిలో నున్నది తన పాలు మాత్రమే. అయితే అద్దె యనునది పూర్తిగ వాని చేతిలోనిదే. బేరమాడవలసినది అచ్చట.

రుసుమును ఱాతిపై చెక్కునట్టి పని మన దేశమున ఆలస్యముగ మొదలైనది. 2012లో రిజర్వు బ్యాంకు డెబిటు కార్డులకు హద్దు కట్టెను. 2018 జనవరి 1 నుండి అమలైన నిబంధనల ప్రకారము, ఏడాది అమ్మకము 20 లక్షల రూపాయలకు మించని వర్తకునియొద్ద డెబిటు కార్డునకు యంత్రముపై నూటికి 40 పైసలు, క్యూఆర్ పలకపై 30 పైసలు మించరాదు; ఒక్క బేరముపై 200 రూపాయలు దాటరాదు. అంతకు పైబడిన వర్తకునికి 90 పైసలు, 80 పైసలు. హద్దు 1,000 రూపాయలు. ఈ రుసుమును కొనువానిపై వేయరాదనియు ఆ యుత్తరువుననే గలదు. "కార్డైతే రెండు శాతము అదనము" అని బల్ల కట్టిన అంగళ్లను మేము మన సోదరులవే కొన్ని చూచితిమి. 2020 జనవరి 1 నుండి రూపే డెబిటు కార్డునకును, యూపీఐకిని వర్తకుని రుసుమే లేకుండ ప్రభుత్వము చట్టమును సవరించెను. క్రెడిటు కార్డునకు మాత్రము రిజర్వు బ్యాంకు ఇట్టి హద్దును కట్టలేదు. అచ్చట బేరమే చట్టము.

ఇపుడు నూజెండ్ల అంగడికి మరలివత్తము. పూర్వము వినుకొండ తాలూకాలోనిదై, 1985 నుండి మండలస్థానమై, 2022 ఏప్రిల్ 4 నుండి పల్నాడు జిల్లాలో నున్న యీ యూర వర్తకము పైరుననుసరించి నడచును. మిర్చి, ప్రత్తి చేతికి వచ్చువఱకు రైతు అరువు పెట్టును. వర్తకుడు ఆవర్జాలో వ్రాసికొనును. వానలు తప్పిన యేడు ఆ పుట అట్లే మిగిలిపోవును. క్రెడిటు కార్డు చేయు పని యీ యరువును బ్యాంకు నెత్తిన బెట్టుట. ఆ దృష్టితో జూచిన, నూటికి రెండు విడుచుట ఒక్కొకయెడ నష్టము కాదు. వసూలునకై ఊరూర తిరుగు శ్రమకు వెల. కాని యూరియా వంటి సరకునందు బస్తా వెలను ప్రభుత్వము కట్టును. వర్తకుడు ఒక రూపాయి పెంచరాదు. 10,000 రూపాయల బేరమున నూటికి 4 మిగులునది 400 రూపాయలు గదా. అందు క్రెడిటు కార్డు రుసుము 200, దానిపై 18 శాతము జీఎస్టీ 36. మిగిలినది 164. దానిలోనే అంగడి యద్దె, దీపము, కూలి.

మా మేనల్లుని భయమంతయు ఈ రెండు శాతమునుగుఱించియే. కాని యతని లెక్కలు తిరుగవేసిన పిమ్మట తేలినది వేఱు. అతని యంగడికి వచ్చువారిలో క్రెడిటు కార్డు గలవారు పట్టుమని పదిమంది లేరు. కుఱ్ఱవారు ఫోనునుండి యూపీఐ చేయుదురు. రైతులు కొందఱు బ్యాంకువారిచ్చిన రూపే కిసాను కార్డు తెత్తురు. రెంటికిని రుసుము లేదు. ఎరువుల అంగళ్లలో 2018 నాటికి ప్రభుత్వము పెట్టించిన యంత్రము వేఱు. దాని పని రైతు వేలిముద్ర గ్రహించి ఎరువు లెక్క వ్రాయుట. దానిని, దీనిని ఒకటిగా తలచి సంతకము చేసినవారు గలరు. ఇతని కార్డు యంత్రమున కద్దె నెలకు 400 రూపాయలు. మేము చూచిన నెలలో దానిమీదుగ వచ్చిన మొత్తము 8,000. అనగా నూటికి 5. పన్ను కలిపిన 6కు చేరువ. మోటుపల్లి సుంకముకంటె నిది హెచ్చు. అద్దె యను పేరున నున్నందున అది యెవరికిని రుసుముగ కనబడలేదు.

క్రొత్త ఒడంబడికకును ఆ నాలుగు ప్రశ్నలనే వేసితిమి. వెనుకనున్న పేరు: యంత్రము తెచ్చినది బ్యాంకు కాదు, నడుమనుండి సొమ్ము ప్రోగుచేయు సంస్థ. ఇట్టి నడిమి సంస్థలలో ఆన్‌లైను చెల్లింపులు గ్రహించువానిని 2020 మార్చి 17 నాటి యుత్తరువులో రిజర్వు బ్యాంకు తన యనుమతికి లోబఱచి, వర్తకుల సొమ్మును ప్రత్యేకమైన ఎస్క్రో ఖాతాలో నుంచవలెనని విధించెను. కావున ఆ యనుమతి యున్నదా యని యడుగుట వర్తకుని ధర్మము. వట్టము: క్రెడిటు, డెబిటు, యూపీఐ వేర్వేఱుగ వ్రాసియున్నవా, లేక "నూటికి రెండు" అని యన్నిటిని కలిపి చుట్టిరా? సొమ్ము వచ్చుట: మఱునాడా, సెలవులు పోను మూడవనాడా? నష్టము: కొనువాడు తన బ్యాంకునకు పోయి "ఈ బేరము నేను చేయలేదు" అన్నయెడల సొమ్ము వర్తకుని ఖాతానుండి వెనుకకు పోవును. సంతకపు రసీదో, సరకు బిల్లో చూపలేనివాడు దానిని మఱల రాబట్టజాలడు. ఎదుట నిలిచి రహస్యసంఖ్య నొక్కిన కార్డున కీ భయము మిక్కిలి తక్కువ. ఫోనున కార్డు సంఖ్య చెప్పించుకొని సరకు పంపువానికి మిక్కిలి యెక్కువ.

చెల్లింపు వచ్చినదని బిగ్గఱగ పలుకు చిన్నపెట్టె నుంచుకొనుటకు మేము మాఱు చెప్పలేదు. బొంకు చిత్రమును ఫోనులో చూపి బస్తాలెత్తుకొని పోవువారు ఎచ్చటనైన నుందురు. దాని యద్దె యెంతో ముందుగ వ్రాయించుకొనుమంటిమి. ఏడాది అమ్మకపు మొత్తమును కాగితమున సరిగ వ్రాయుమనియు చెప్పితిమి. 20 లక్షల లోపువాడు గొప్పకై యెక్కువ వ్రాసి పై తరగతిలో పడుట వెఱ్ఱి.

పాత ఒడంబడిక మూడవ పుటలో ఒక వాక్యము గలదు: రెండేండ్లకు ముందు యంత్రము తిరిగి యిచ్చినయెడల మిగిలిన నెలల అద్దె చెల్లింపవలెను, గడువునకు ముప్పదిదినముల ముందు వ్రాతమూలముగ తెలుపనిచో మఱి యొక యేడు దానంతట నదియే సాగును. గడువు తీఱుటకు అయిదు నెలలున్నవి. ఇపు డిచ్చినను అద్దె తప్పదు గనుక, ఆ యైదు నెలలు కిసాను కార్డులకు దానినే వాడుమని, ఆ తరువాత అద్దె లేని దానిని వెదకుమని యంటిమి. నోటీసు నాడే వ్రాయించితిమి. అతడు దానిని మఱునాడు స్పీడుపోస్టున పంపి, రసీదును ఆవర్జా మొదటి పుటలో అంటించెను.