మాంటిస్సోరి కౌమార విద్య

మాంటిస్సోరి కౌమార విద్య పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఉద్దేశించిన పద్ధతి. ఇందులో చదువు పనితోనూ సంఘజీవనంతోనూ ముడిపడి ఉంటుంది. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి (1870–1952) దీన్ని ప్రతిపాదించారు. తెలుగునాట ఆమె పేరు ఎక్కువగా ఎల్‌కేజీ, యూకేజీ బడుల బోర్డుల మీదే కనిపిస్తుంది. కౌమారం గురించి ఆమె చేసిన ఆలోచన ఆలస్యంగా వచ్చింది, పూర్తి రూపం తీసుకోలేదు. అందువల్ల దానికి రావలసినంత ప్రచారం రాలేదు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె తొలి బాలల గృహం మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో ఆమె ఎదుగుదలను ఆరేసి సంవత్సరాల చొప్పున నాలుగు దశలుగా విభజించారు. మూడోదైన కౌమారంలో మొదటి మూడేళ్లు అతి సున్నితమైనవని ఆమె అభిప్రాయం. శరీరం వేగంగా పెరిగే ఆ కాలంలో మనసు త్వరగా అలసిపోతుంది, చిన్న మాటకే నొచ్చుకుంటుంది. నలుగురిలో తన చోటేమిటన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. సరిగ్గా ఆ వయసులోనే బడులు పరీక్షల బరువు పెంచుతున్నాయని ఆమె విమర్శించారు.

దానికి ఆమె చూపిన మార్గం పల్లెలో వ్యవసాయ క్షేత్రం. పిల్లలు ఇల్లు వదిలి అక్కడే ఉంటారు. పంట పండిస్తారు, పశువులను చూసుకుంటారు, పండినది పక్క ఊరి దుకాణంలో అమ్ముతారు, చూడవచ్చిన తల్లిదండ్రుల కోసం అతిథిగృహం నడుపుతారు. జమాఖర్చులు వాళ్లే రాస్తారు. ఎరువు దగ్గర రసాయనశాస్త్రం, పొలం కొలతల్లో రేఖాగణితం, అమ్మకాల్లో అంకగణితం ఎదురవుతాయి. ఇది వృత్తి శిక్షణ కాదని ఆమె స్పష్టంగా చెప్పారు. తన చేతి కష్టంతో నాలుగు రూపాయలు సంపాదించిన పిల్లవాడికి తన మీద తనకు నమ్మకం కుదరాలన్నదే ఉద్దేశం. ఈ పిల్లలను ఆమె ఎర్డ్‌కిండర్, అంటే భూమి బిడ్డలు, అన్నారు. ఈ ఆలోచనపై 1930ల చివర రూపుదిద్దుకున్న ఆమె వ్యాసాలు 1948లో కౌమారంపై ఆమె పుస్తకంలో చేరాయి. అలాంటి క్షేత్రాన్ని ఆమె స్వయంగా నడపలేదు. 1930లో మొదలైన ఆమ్‌స్టర్‌డామ్ మాంటిస్సోరి లైసియం నగరపు ఉన్నత పాఠశాలే. పల్లె నమూనాకు దగ్గరగా వచ్చిన ప్రసిద్ధ ప్రయత్నం అమెరికాలో 2000లో ఒహాయో రాష్ట్రంలోని హంట్స్‌బర్గ్‌లో తెరిచిన హెర్షీ ఫార్మ్ స్కూల్.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆమె కొడుకు మారియోను నిర్బంధించి, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు విడిచిపెట్టింది. కొడైకెనాల్‌లో గడిపిన యుద్ధకాలంలో తల్లీకొడుకులు ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల పాఠ్యక్రమాన్ని పెంపొందించారు. ఇక్కడి ఉపాధ్యాయులకు ఆమె ఇచ్చిన శిక్షణ ప్రధానంగా బాల్యానికి సంబంధించినదే. తెలుగునాట ఈ పేరుతో నిలిచిన సంస్థల్లో 1955లో వేగె కోటేశ్వరమ్మ విజయవాడలో స్థాపించిన పాఠశాల ముఖ్యమైనది. అది మహిళా కళాశాల దాకా విస్తరించింది. కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ లభించింది.

పనితో చదువు అన్న భావన భారతదేశంలో మరో దారిలోనూ వచ్చింది. 1931లో లండన్‌లో మాంటిస్సోరిని కలిసిన గాంధీ 1937లో వార్ధా సమావేశంలో చేతిపని ఆధారంగా చదువు చెప్పే నయీ తాలీమ్ పథకాన్ని ప్రతిపాదించారు. దాని పాఠ్యప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. వార్ధా పథకంలో పిల్లల చేతిపని ఆదాయంతో బడి ఖర్చు వెళ్లాలన్న ఆశ ఉంది. మాంటిస్సోరి క్షేత్రంలో ఆదాయం పిల్లల ఆత్మగౌరవానికి సాధనం మాత్రమే. పైకి ఒకటిలాగే కనిపించే ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు.

ఆ తేడా ఎంత ముఖ్యమో హైదరాబాదు పాతబస్తీని చూస్తే తెలుస్తుంది. అక్కడ పని నేర్పే చోట్లకు కొదవలేదు. చార్మినార్ పక్కన లాడ్ బజారులో లక్క గాజులకు రాళ్లు పొదుగుతారు. ఇళ్లలో జరీ పని సాగుతుంది. కానీ ఇదే చోట పని పేరుతో బాల్యం పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు. 2015 జనవరిలో పోలీసులు గాజుల కార్ఖానాల్లో సోదాలు చేసి రెండు వందల మందికి పైగా పిల్లలను విడిపించారు. వాళ్లలో ఎక్కువ మంది బీహారు నుంచి తెచ్చినవాళ్లు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుని రాళ్లు అతికించిన పిల్లవాడు గాజు ధర లెక్కగట్టడు, అమ్మకం చూడడు, పనిని ఎంచుకోడు. మాంటిస్సోరి అడిగిన పనిలో ఈ మూడూ ఉంటాయి.

చట్టం కూడా చదువుకూ బాలల చాకిరికీ మధ్య గీతను గట్టిగానే గీసింది. విద్యాహక్కు చట్టం (2009) ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా చేసింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు వారితో పని చేయించడాన్ని నిషేధించి, కుటుంబ పనుల్లో బడి వేళల తర్వాత చేసే సాయం వంటి కొన్ని మినహాయింపులు ఉంచింది. రంగారెడ్డి జిల్లాలో పిల్లలను పని నుంచి బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్‌కు నాయకత్వం వహించిన శాంతా సిన్హా (మెగసెసే పురస్కారం, 2003) వాదన ఇంకా సూటిగా ఉంటుంది: బడికి రాని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికులే. బడి మానేసిన పెద్ద పిల్లల కోసం ఆ సంస్థ నడిపిన వసతి శిబిరాలు వాళ్లను వయసుకు తగిన తరగతిలోకి చేర్చాయి.

నగరంలో పొలం దొరకదు కాబట్టి పట్టణ మాంటిస్సోరి బడులు మేడమీద తోట, వంటగది, చిన్న అంగడి వంటివాటితో సర్దుకుంటాయి. తెలుగు రాష్ట్రాల్లో వీటికి అడ్డు స్థలం కంటే పోటీ పరీక్షలే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ శిక్షణ పేరుతో ఆ వయసు పిల్లల గంటలన్నీ నిండిపోతున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు మధ్య దశగా గుర్తించి, ఆ పిల్లలు ఏదో ఒక ఏడాది పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలని సూచించింది.