కడప పిల్లవాడి ఇంగ్లీషు బూట్లు

మా తమ్ముడి కూతురికి పదహారేళ్ళు. వచ్చే నెలలో జర్మనీ పోతోంది. పై చదువుకనుకునేరు, కాదు. ఆరు వారాలపాటు ముక్కూ మొహం తెలియనివాళ్ళింట్లో సొంతపిల్లలా వుండి, వాళ్ళ భాషా, వాళ్ళ తీరూ తెలుసుకుని రావాలిట. బడివాళ్ళు కుదిర్చిన ఏర్పాటు. ఆ యింటావిడ అప్పుడే ఉత్తరం కూడా రాసింది: నువ్వు ఏం తింటావు, ఏం తినవు, కుక్కలంటే భయమా, రాత్రిపూట దీపం వుండాలా, అని. ఎవరోగాని మంచి ఇల్లాలే.

పొడులు కొట్టించుకు పోదామని తల్లీ కూతుళ్ళు కర్నూలునుంచి కడపకొచ్చి మా యింట్లో దిగారు. చెనిక్కాయల పొడి, నువ్వుల పొడి, ఉప్పుమిరపకాయలు, ఇంకా ఏమేమిటో. పెట్టె బరువు ఇరవైమూడు కిలోలు దాటకూడదని కాగితంలో వుంది. మా మరదలు ఆ కాగితాన్ని నమ్మినట్టు లేదు. మా వారి పాత కాటా తెచ్చి నడవలో పెట్టి, పెట్టె ఎక్కించటం, దించటం, చీరె కొంగుతో మొహం తుడుచుకోవటం, మూడురోజులుగా ఇదే పని.

పిల్ల మాత్రం వంటింటి గడపమీద కూచుని నన్నడిగింది.

"అత్తా, ఆ యమ్మను నేను ఏమని పిలవాల?"

చిన్న ప్రశ్నే. కానీ నాకు వెంటనే జవాబు తోచలేదు. మేము బి.ఏ.లో చదివిన చరిత్రలో ఇలాంటివి చెప్పలేదు. రాజులు ఎవరింటికి పోయినా దండెత్తే పోయారు. అప్పుడు గుర్తొచ్చాడు, ఈ వూళ్ళోనే తిరిగిన ఒక పిల్లవాడు. సరిగ్గా దీని యీడువాడే. నూరేళ్ళు దాటిపోయాయి, ఇలాగే తెలియనివాళ్ళింటికి సముద్రాలు దాటి పోయాడు. జిడ్డు కృష్ణమూర్తి గారు.

ఆయన్ని మనం తెల్లటి జుట్టుతో, చెట్టుకింద కూచుని మాట్లాడే పెద్దాయనగానే ఎరుగుదుం. నేను చెప్పేది ఆ పెద్దాయన సంగతి కాదు. ఆయన బోధలు నాకు సగం అర్థమౌతాయి, సగం కావు. నేను చెప్పేది ఆ తల్లిలేని పిల్లవాడి సంగతి.

పుట్టింది మదనపల్లెలో, 1895 మేలో. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే వుండేది. తండ్రి నారాయణయ్య గారు రెవెన్యూలో ఉద్యోగి. ఆ శాఖవాళ్ళ బ్రతుకు మనకు తెలియందేముంది, బదిలీమీద బదిలీ. అలా కడప వచ్చారు. కడప వాళ్ళకి అచ్చిరాలేదు. పిల్లవాణ్ణి చలిజ్వరం పట్టుకుంది. తిరగబెట్టటం, బడి మానటం, మళ్ళీ తిరగబెట్టటం. అదే వూళ్ళో 1905 డిసెంబరులో తల్లి సంజీవమ్మ గారు పోయింది. వాడికి పదేళ్ళు.

ఆ తల్లి పూజగదిలో దేవుళ్ళ పటాల పక్కన అనీబిసెంట్ ఫోటో ఒకటి వుండేదట, మన దేశపు దుస్తుల్లో, బాసింపట్టు వేసుకుని కూచున్నది. నారాయణయ్య గారు దివ్యజ్ఞాన సమాజంలో సభ్యులు మరి. ఆ పటంలోని తెల్లదొరసాని తన కొడుకుల్ని తీసుకుపోతుందని ఆవిడకు తెలియదు. రోజూ పూలు పెట్టే వుంటుంది.

1907 చివర నారాయణయ్య గారు రిటైరయ్యారు. 1909 జనవరిలో నలుగురు కొడుకుల్నీ వెంటబెట్టుకుని మద్రాసులో అడయారు సమాజానికి పనిచెయ్యటానికి పోయారు. వంటకు ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకావిడ. పిల్లలు బక్కచిక్కి మురికోడుతూ వుండేవాళ్ళని రాసినవాళ్ళంతా ఆ మేనత్తను ఒక మాట అనకుండా వదల్లేదు. నలుగురు తల్లిలేని మగపిల్లలు, అరకొర పెన్షను, తెలియని వూరు. మేనత్తలకి చరిత్రలో ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది.

ఆ ఏడే లెడ్‌బీటర్ అనే ఇంగ్లీషాయన సముద్రపు ఒడ్డున కృష్ణని చూశాడు. రాబోయే జగద్గురువుకి ఈ పిల్లవాడే పాత్ర అన్నాడు. ఆ నమ్మకం మాట అటుంచండి. ఆడదాన్ని, నా కళ్ళు ఆ తర్వాత జరిగిన తయారీమీదనే నిలబడ్డాయి. రెండేళ్ళపాటు జరిగింది అది. ముందు గొరిగించి వెనక జుట్టు పెంచిన పిల్లవాడికి పాపిట తీసి క్రాపు దువ్వారు. సబ్బుస్నానం, సైకిలు, టెన్నిసు, ఈత. చెంచా, ఫోర్కు పట్టుకోవటం. ఇన్ని పాలు, ఇన్ని గుడ్లు అని లెడ్‌బీటర్ వేసిన లెక్క. ఆ తిండి పడక పిల్లవాడికి విపరీతమైన కడుపునొప్పి వచ్చేదట. రాగిసంగటి సీమలో పుట్టిన కడుపు ఏం చేస్తుంది పాపం! అన్నిటికంటే ఇంగ్లీషు. అడయారు వచ్చేటప్పటికి ఇంగ్లీషు ముక్క సరిగ్గా రాదు వాడికి.

ఇంకొక సంగతి చదివి నేను పుస్తకం మూసేశాను. మనం పిల్లలకి చెవులు కుట్టిస్తాం కదా. చిన్నప్పుడు వాళ్ళకీ కుట్టించారు. ఇంగ్లండు ప్రయాణానికి ముందు, ఆ కుట్టిన చెవుల్ని మళ్ళీ కుట్టించారు, రంధ్రాలు మూసుకుపోయేటట్టు. ఏ అమ్మమ్మ ఒళ్ళో కూచోబెట్టుకుని, బెల్లంముక్క నోట్లో పెట్టి కుట్టించిందో ఆ చెవులు!

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి, మదనపల్లె కడప జిల్లాలోంచి విడిపోయింది. మూడు వారాలకి, 22న, అనీబిసెంట్ వెంట కృష్ణ, తమ్ముడు నిత్యానందం బొంబాయిలో మాంటువా అనే ఓడ ఎక్కారు. పెద్దవాడికి పదహారు నిండబోతున్నాయి, చిన్నవాడికి పదమూడు. కోట్లు బాగానే వున్నాయిగాని, బూట్లే పాదాలకు ఇబ్బందిపెట్టాయి. చెప్పులు కూడా ఎరగని కాళ్ళు అవి. ఎండలో కాలే మన నేలమీద వుట్టికాళ్ళతో పరుగెత్తిన పాదాలు తోలుబూట్లలో ఎలా ఇముడుతాయి?

మే 5న లండన్‌లో చేరింగ్ క్రాస్ స్టేషన్లో దిగారు. చూడటానికి వచ్చిన జనంలో లేడీ ఎమిలీ లుట్యెన్స్ వుంది. న్యూఢిల్లీ కట్టిన లుట్యెన్స్ భార్యే. భుజాలదాకా పడే నల్లటి జుట్టూ, ఇంతింత కళ్ళూ, ఎక్కడో చూస్తున్నట్టుండే చూపూ, ఆవిడకు ముందు కనిపించినవి అవే. అయిదుగురు పిల్లల తల్లి. ఆవిడకు వాడిమీద పుట్టింది కన్నతల్లికుండే ప్రేమ. తర్వాత ఏళ్ళ తరబడి అతను ఆవిడకు రాసిన ఉత్తరాలు, తల్లికి కొడుకు రాసినట్టే వుంటాయి.

బస మాత్రం డ్రేటన్ గార్డెన్స్ అనే వీధిలో, మిసెస్ బ్రైట్, ఆవిడ కూతురు ఎస్తర్ బ్రైట్ వుండే యింట్లో. ఈ మిసెస్ బ్రైట్ సామాన్యురాలు కాదు. పెళ్ళయిన ఆడవాళ్ళకి సొంత ఆస్తి వుండచ్చునని 1882లో ఇంగ్లండులో వచ్చిన చట్టంకోసం భర్తతో కలిసి పోరాడిన ఉర్సులా బ్రైట్. మన పిల్లలకు అక్కడ ఏ లోటూ జరిగినట్టు లేదు. నాటకాలు చూశారు, కొత్త బట్టలు కుట్టించుకున్నారు. ఆ జూన్‌లో జార్జి చక్రవర్తి పట్టాభిషేకం జరిగినప్పుడు ఆ నగరంలోనే వున్నారు. అక్టోబరుకు తిరిగొచ్చారు, మరుసటేడు మళ్ళీ వెళ్ళారు.

ఆ రెండోసారి వెళ్ళటంతోనే తగాదా ముదిరింది. పిల్లల సంరక్షణ అనీబిసెంట్‌కి అప్పగిస్తూ 1910 మార్చిలో నారాయణయ్య గారే సంతకం పెట్టారు. 1912లో నా పిల్లలు నాకు కావాలని కోర్టుకెక్కారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రివైపు తీర్పు చెప్పింది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లల ఇష్టం ఏమిటో కనుక్కోలేదు కదా అన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఒక్క ముక్క న్యాయం. తండ్రీ అడగలేదు, జుట్టు దువ్వినవాళ్ళూ అడగలేదు, చెవులు కుట్టించినవాళ్ళూ అడగలేదు. అయిదేళ్ళ తరవాత అడగవలసిందని గుర్తుచేసింది కోర్టు! అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు.

పెద్దయ్యాక ఆయన తనని జగద్గురువంటూ కట్టిన సంఘాన్ని 1929 ఆగస్టులో హాలండులో తానే రద్దుచేసి లేచిపోయారు. ఎవరి అనుమతీ అడగలేదు. తమ్ముడు నిత్యానందం అప్పటికే, 1925లో, అమెరికాలో క్షయతో పోయాడు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ బడి ఆయన తలపెట్టిందే. కానీ తెలుగు? మర్చిపోయారు. ఇంగ్లీషు వచ్చినకొద్దీ తెలుగు పోయింది. కడప వీధుల్లో జ్వరంతో అమ్మను పిలిచిన భాషలో ఒక వాక్యం చెప్పలేని స్థితి వచ్చింది. బూట్లు కరిచిన చోట పుండు మానుతుంది. ఇది మానేది కాదు.

ఇదంతా చెబుతుంటే మా మరదలు కాటా దగ్గర్నుంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంకొకటి చెప్పాను. ఇంగ్లండు వెళ్ళాక, 1913లో, ఆయన తన చిన్నతనం గురించి రాసుకున్నారు. అమ్మ పోయిన తరవాత కూడా తనకు కనిపించేదని, తను బడికి పోతుంటే వెనకే వస్తున్నట్టుండేదని, గాజుల చప్పుడు వినిపించేదని అందులో వుంది. మన కడప వీధుల్లోనే వినిపించి వుంటుంది మొదట.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత పిల్ల ఆ జర్మనీ ఆవిడ ఉత్తరం తీసి, జవాబు రాయటం మొదలెట్టింది. కుక్కంటే భయంలేదని రాసింది. రాత్రిపూట దీపం వుండాలని రాసింది. ఏమని పిలవాలో మీరే చెప్పండి, మా వూళ్ళో మీ వయసు వాళ్ళను పేరుపెట్టి పిలవము, అని కూడా రాసింది. ఆ సంగతి ఆ యింటావిడనే అడగవచ్చునని నాకు తట్టనేలేదు.

"అత్తా, వాళ్ళమ్మ బతికుంటే వాళ్ళ పెట్టెలో ఏం పెట్టుండేది?" అని తలెత్తకుండానే అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా మా మరదలు లోపలికిపోయి, మూత బిగించిన చెనిక్కాయల పొడి డబ్బా మళ్ళీ తెరిచి, ఇంకో రెండు గరిటెలు అదిమి కూరింది.